జిరాక్స్ కట్టల్లో మన వేలిముద్ర

‘వేలిముద్రగాడు’ అంటే ఒకప్పుడు చదువురానివాడని ఎగతాళి. ఇవాళ హైటెక్ సిటీ ఇంజనీరైనా ఆధార్ కేంద్రానికి వెళ్తే స్కానర్ మీద వేళ్లు నొక్కాల్సిందే.

1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ కేంద్రం తెరిచినప్పుడు ఈ బెడద లేదు. కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కౌంటర్లో కట్టేయొచ్చు, కట్టేది ఎవరైతేనేం? 2001లో అదే ఈసేవ అయింది. దాని రూపశిల్పుల్లో ఒకరైన జె. సత్యనారాయణే 2016లో ఆధార్ సంస్థకు ఛైర్మన్ అయ్యారు. ఈలోగా, 2005లోనే, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బోగస్ రేషన్ కార్డులు ఏరడానికి జనం కనుపాపలు స్కాన్ చేయించింది. ఆధార్ ఊసింకా లేదు.

2018లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక కేసు చూడండి. సిమ్ కార్డులు అమ్మే యువకుడొకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపు చేసినట్టే ఆ ముద్రలకు అచ్చులు తీసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఆధార్ సర్వర్ తలుపు తట్టే పనే పడలేదు. మరుసటి ఏడాది మాదాపూర్ పోలీస్ స్టేషన్లో ఆధార్ సంస్థ యూఐడీఏఐ ఇచ్చిన ఫిర్యాదు కూడా అలాంటిదే: 7.82 కోట్ల మంది వివరాలు ఒక ప్రైవేటు ఐటీ సంస్థ దగ్గర ఉన్నాయని. నా లెక్కలో ముప్పు తనిఖీలో లేదు, తనిఖీ అయ్యాక మిగిలిపోయే నకళ్లలో ఉంది.

గోప్యత మాటకొస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అది ప్రాథమిక హక్కేనని తేల్చింది. 2018లో ఆధార్ నంబరుకు బదులు చెప్పుకునే 16 అంకెల వర్చువల్ ఐడీ వచ్చింది. మంచి ఆలోచనే, వాడినవాళ్లను మాత్రం నేను చూడలేదు!

వేలిముద్ర తర్వాత ముఖం వంతు వచ్చింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం తన మొబైల్ సేవల యాప్ ‘టీ యాప్ ఫోలియో’లో పింఛనుదారులకు సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్ తెచ్చింది. బతికే ఉన్నామని చెప్పుకోవడానికి ముసలివాళ్లు ఆఫీసు మెట్లెక్కే బాధ తప్పింది. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ముఖాన్ని ఫోన్ సాయంతో పోల్చి చూశారు. రెండింటా చూసేది ముఖమే. పింఛనుదారు సెల్ఫీ తన ఫోన్లో తానే తీసుకుంటాడు, ఓటరు ముఖాన్ని సిబ్బంది తీస్తారు. నాకు మొదటిది సౌకర్యం, రెండోది అనవసరం.

మళ్లీ నకళ్ల దగ్గరికొస్తే, 2025 నవంబరులో వచ్చిన కొత్త ఆధార్ యాప్‌లో అవసరమైన వివరమే చూపించి మిగతాది దాచుకోవచ్చు. అయినా గచ్చిబౌలి హాస్టల్లో చేరాలంటే ఇప్పటికీ జిరాక్సే అడుగుతారు. తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.