ఒకటో నంబరు బిళ్ళ



1910లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో జరిగిన ఒక చిన్న ముచ్చట చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. ఆ రోజుల్లో అక్కడి పోలీసువాళ్ళకి ట్రాముబండిలో టిక్కెట్టు అక్కర్లేదు. బిళ్ళ చూపిస్తే చాలు. ఒకనాడు ముప్ఫయ్యేడేళ్ళ ఆవిడ ఒకరు బండెక్కి, అందరిలాగే తన బిళ్ళ చూపించింది. కండక్టరు ఆ బిళ్ళకేసీ ఆవిడకేసీ మార్చి మార్చి చూసి, ఇది మీ ఆయన బిళ్ళ కాదూ అని నిలదీశాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు. పోలీసు బిళ్ళ ఆడమనిషిదై ఉంటుందని అతను కలలోనైనా అనుకోలేదు.

మనవైపు ఒకప్పుడు కచేరీల్లో బిళ్ళ బంట్రోతులని ఉండేవారు. మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మనిషి ఎవరైనా సరే, బిళ్ళని చూస్తేనే జనం అదిరిపోయేవారు. అక్కడ ఆవిడ దగ్గర బిళ్ళ ఉన్నా మనిషిని నమ్మలేదు! చివరికి పై అధికారులు ఆవిడకి వేరే బిళ్ళ చేయించి ఇచ్చారు. దానిమీద పోలీసు స్త్రీ అనీ, ఒకటో నంబరనీ చెక్కించారు.

ఆవిడ పేరు ఆలిస్ స్టెబిన్స్ వెల్స్. క్రైస్తవ మతశాస్త్రం చదువుకుని, చర్చిల్లో ప్రసంగాలు చేసిన మనిషి. పోలీసుల చేతికి చిక్కిన ఆడపిల్లల్ని ప్రశ్నించడానికీ, ఓదార్చడానికీ ఒక్క ఆడమనిషైనా లేకపోవడం ఏమిటని ఆవిడకి అనిపించింది. ఊరికే అనుకుని ఊరుకోలేదు. నూరుగురు పౌరుల చేత సంతకాలు పెట్టించి మేయరుకీ, నగర పాలక సంఘానికీ మహజరు పంపింది. 1910 సెప్టెంబరులో ఉద్యోగం ఇచ్చారు. దాంతోపాటు రోడ్డుపక్క పోలీసు టెలిఫోను పెట్టె తాళంచెవి, నిబంధనల పుస్తకం, ప్రథమ చికిత్స పుస్తకం చేతికిచ్చారు. తుపాకీ లేదు. యూనిఫారం కూడా లేదు. నేల జీరాడే పొడుగాటి గౌను, పైన కోటు, అన్నీ తనే కుట్టుకుంది.

పని ఏమిటయ్యా అంటే డాన్సు హాళ్ళు, సినిమా హాళ్ళు, చక్రాల బూట్లతో తిరిగే ఆటస్థలాలు చూసి రావడం, తప్పిపోయినవాళ్ళ జాడ తీయడం. ఆవిడ చేరిన తరవాతే, వయసులో చిన్నవాళ్ళయిన ఆడపిల్లల్ని మగ పోలీసులు ప్రశ్నించకూడదనే ఉత్తర్వు వచ్చింది. ఇది చిన్న విషయం కాదు సుమండీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత కథ అర్థం కాదు. మన దేశంలో పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అమెరికాలో అలా కాదు. చాలా ఊళ్ళకి తమ పోలీసు దళం తమదే. జిల్లాలాంటి కౌంటీకి షెరీఫ్ అని ఒకాయన ఉంటాడు. చాలాచోట్ల ఆయన్ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. వీటికి పైన రాష్ట్ర పోలీసులు, రహదారుల మీద కనిపించేవాళ్ళు. అన్నీ కలిపితే దేశం మొత్తమ్మీద దాదాపు 18,000 దళాలు. ఉద్యోగం ఇచ్చేదీ, జీతం ఇచ్చేదీ, పై మెట్టు ఎక్కనిచ్చేదీ ఎవరి దళం వాళ్ళే. అందుచేత ఒక ఊళ్ళో ఆడవాళ్ళకి తలుపు తీశారంటే పక్క ఊళ్ళో తీసినట్టు కాదు. ఊరూరా మళ్ళీ తట్టాల్సిందే.

వెల్స్‌కంటే ముందు తట్టినవాళ్ళూ ఉన్నారు. షికాగోలో మేరీ ఓవెన్స్ అనే వితంతువు, అయిదుగురు పిల్లల తల్లి, 1889లో పిల్లల చేత కర్మాగారాల్లో పని చేయించకుండా తనిఖీ చేసే ఉద్యోగంలో చేరి, 1891లో పోలీసు శాఖలో డిటెక్టివు సార్జెంటు హోదాకి వచ్చింది. తరవాత ఎవరో ఒక పుస్తకంలో ఆవిణ్ణి చనిపోయిన పోలీసు భార్య అని పొరపాటున రాశారు. ఇంకేముంది, భర్త పోయినందుకు జాలిపడి ఇచ్చిన ఉద్యోగమని అందరూ అనుకుని, చరిత్రలోంచి తుడిచేశారు. నిజానికి ఆయన గ్యాసు గొట్టాలు బిగించే పనివాడు. టైఫాయిడు వచ్చి పోయాడు. ఈ తప్పు దిద్దింది మొన్న మొన్న, ఈ శతాబ్దంలో. పోర్ట్‌లండ్ నగరంలో లోలా బాల్డ్విన్ అనే ఆవిడ 1908లో ప్రమాణం చేసి ఉద్యోగంలో చేరింది. ఆవిడ పనీ పల్లెల నుంచి పట్నానికి వచ్చే ఆడపిల్లల్ని కాచుకోవడమే.

వీళ్ళంతా ఏమని అడిగారో గమనించండి. మగవాళ్ళు చేసే పనే మేమూ చేస్తాం అనలేదు. ఇంట్లో తల్లి చేసే పనే ఊళ్ళో చేస్తాం అన్నారు. ఆ రోజుల్లో అలా అడిగితేనే వింటారు. విన్నారు కూడా. 1915లో వెల్స్ పోలీసు స్త్రీలకి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టి, తనే మొదటి అధ్యక్షురాలైంది. ఎన్నో నగరాలు తిరిగి ఉపన్యాసాలిచ్చింది. ఆవిడ వెళ్ళొచ్చిన చోటల్లా ఒకరో ఇద్దరో ఉద్యోగంలో చేరారు. 1930లో మాసచూసెట్స్ రాష్ట్రం ఇద్దరు స్త్రీలని రాష్ట్ర పోలీసుల్లోకి తీసుకుంది.

కాని ఏ మాటతో లోపలికి వచ్చారో ఆ మాటే తరవాత కాళ్ళకి అడ్డం పడింది. పిలిచి పీట వేశారు, నిజమే. ఆ పీట వంటింట్లో వేశారు. వీధి గస్తీ లేదు. పోలీసు కారు లేదు. దొంగతనం కేసులు అంతంతమాత్రం. పిల్లలు, ఆడఖైదీలు, టైపు మిషను, ఇవే. మీరు అనవచ్చు, పిల్లల్ని చూసుకోవడం తక్కువ పనా అని. కానే కాదు. నేనూ ఆ మాట అనను. కాని ఏ పోలీసు దళంలోనైనా పై మెట్టుకి దారి గస్తీలోంచే పోతుంది. గస్తీ తిరగనివాళ్ళకి అనుభవం లేదంటారు, అనుభవం లేనివాళ్ళని పెద్ద పదవికి పనికిరారంటారు. గస్తీకి మాత్రం పంపరు!

న్యూయార్కులో ఫెలీషియా ష్ప్రిట్జర్ అనే ఆవిడ 1942లో పోలీసుల్లో చేరింది. పందొమ్మిదేళ్ళు చేసింది. 1961లో సార్జెంటు పరీక్షకి దరఖాస్తు పెడితే ఆడవాళ్ళకి ఆ పరీక్ష లేదని తిప్పిపంపారు. పరీక్ష తప్పడం వేరు, పరీక్షకే కూచోనివ్వకపోవడం వేరు కదండీ! ఆవిడ కోర్టుకెక్కింది. ఆడవాళ్ళకి శరీర బలం చాలదని శాఖవారు వాదించారు. సార్జెంటు చేసేది బస్తాలు మోసే పనా? 1963లో కోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. 1964లో పరీక్ష పెడితే స్త్రీలలో ఇద్దరు నెగ్గారు. ష్ప్రిట్జర్ ఒకరు, గర్ట్రూడ్ షిమ్మెల్ మరొకరు. 1965లో ఇద్దరూ సార్జెంట్లయ్యారు. షిమ్మెల్ అక్కడ ఆగలేదు, 1971లో కెప్టెన్ అయింది.

గస్తీ సంగతి ఇండియానాపొలిస్ నగరంలో తేలింది. బెట్టీ బ్లాంకెన్‌షిప్, ఎలిజబెత్ కొఫాల్ అని ఇద్దరు స్నేహితురాళ్ళు. మమ్మల్నీ గస్తీకి పంపండి అని అడుగుతూ వచ్చారు. 1968 సెప్టెంబరులో, సరే చూద్దాం అని పై అధికారి 47వ నంబరు కారు వాళ్ళకి అప్పగించాడు. ఆ అధికారి పేరు విన్‌స్టన్ చర్చిల్. నవ్వకండి, నిజంగానే ఆయన పేరు అదే! నడుముకి తుపాకీ పట్టీ బిగించి, పోలీసు గుర్తులున్న కారులో ఆడవాళ్ళిద్దరూ మామూలు గస్తీకి వెళ్ళడం ఆ దేశంలో అదే మొదలు. వెల్స్ చేరిన యాభై ఎనిమిదేళ్ళకి.

తరవాత చట్టం వచ్చింది. ఉద్యోగాల్లో స్త్రీలని వేరుగా చూడరాదని 1964లోనే పౌరహక్కుల చట్టం చేశారు గాని, అది ప్రైవేటు కంపెనీలకే వర్తించేది. 1972లో దాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకీ, నగర పాలక సంఘాలకీ వర్తింపజేశారు. అంటే ఆ 18,000 తలుపులకీ ఒకే తాళంచెవి దొరికినట్టయింది. అదే రోజుల్లో రాజధాని వాషింగ్టనులో కొత్తగా చేరిన 86 మంది స్త్రీలనీ, 86 మంది పురుషులనీ గస్తీలో పెట్టి పోల్చి చూశారు. 1974లో ఫలితం ప్రకటించారు. మగవాళ్ళు కాస్త ఎక్కువ అరెస్టులు చేశారు, ఆడవాళ్ళ మీద దుష్ప్రవర్తన ఆరోపణలు తక్కువ వచ్చాయి, మొత్తమ్మీద పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు.

అయినా వదల్లేదు. ఆడవాళ్ళు వద్దని చెప్పడానికి వీల్లేకపోయేసరికి కొలబద్ద తీశారు. అలబామా రాష్ట్రంలో రహదారి పోలీసు కావాలంటే 5 అడుగుల 9 అంగుళాల పొడుగు, 160 పౌన్ల బరువు ఉండాలన్నారు. అంటే 72 కిలోలు! మన ఇళ్ళల్లో మగవాళ్ళెందరు ఆ కొలతకి తూగుతారో ఈ పూట ఇంట్లో చూడండి. 1976లో కోర్టు దాన్ని కొట్టేసింది. అదే రాష్ట్రంలో జైలు కాపలాకి 5 అడుగుల 2 అంగుళాలు, 120 పౌన్లు అని నిబంధన. డయాన్ రాలిన్సన్ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయికి బరువు చాల్లేదని ఉద్యోగం ఇవ్వలేదు. దేశంలో నూటికి 40 మందికి పైగా స్త్రీలు ఆ కొలతతో పోతారనీ, మగవాళ్ళలో నూటికి ఒక్కడు కూడా పోడనీ లెక్క తేలింది. పనికీ ఆ బరువుకీ సంబంధం మీరు రుజువు చేయలేదని 1977లో సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. అయితే ప్రమాదకరమైన మగ ఖైదీల జైళ్ళలో, ఖైదీలకి దగ్గరగా ఉండే కాపలాకి స్త్రీలని వద్దనవచ్చని అదే తీర్పులో చెప్పింది. ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో కొంత పట్టి ఉంచింది.

కొలత అనగానే మన సంగతి గుర్తొస్తుంది. మన దేశంలోనూ తిరువాన్కూరు సంస్థానంలో 1933లోనే స్త్రీలని పోలీసుల్లోకి తీసుకున్నారు. కోళికోడ్‌లో 1973లో స్త్రీలే నడిపే పోలీసు స్టేషనుని ఇందిరాగాంధీ ప్రారంభించారు. 1979లో ఐ.పి.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన అరుణా బహుగుణ 2014లో హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీకి మొదటి మహిళా డైరెక్టరయ్యారు. మన రెండు రాష్ట్రాల్లోనూ కానిస్టేబులుగా, ఎస్.ఐ.గా చేరాలంటే రాష్ట్ర పోలీసు నియామక మండలి పరీక్ష రాయాలి. డి.ఎస్.పి.కి గ్రూప్-1 దారి. 2022 నోటిఫికేషన్లలో స్త్రీలకి కావలసిన పొడుగు 152.5 సెంటీమీటర్లు, అంటే సుమారు 5 అడుగులు. మగవాళ్ళ కొలబద్దతో కొలవకుండా వేరే కొలత పెట్టారు. మీ అమ్మాయి ఆ కొలతకి సరిపోతే, ఖాకీ బట్టలంటే మనసు పడితే, ఆడపిల్లకి ఇదేం ఉద్యోగమే అనేముందు ఒక్కసారి ఆగండి. మా ఇంట్లోనూ ఆ మాట అన్నవాళ్ళున్నారు. అన్నవాళ్ళలో నేనూ ఒకతెను లెండి.

మళ్ళీ లాస్ ఏంజెలెస్‌కి వద్దాం. వెల్స్ 1934లో ఆ పోలీసు శాఖకే చరిత్రకారిణిగా నియమితురాలై, 1940లో రిటైరయింది. 1957లో కన్నుమూసింది. ఆవిడ ఒకటో నంబరు బిళ్ళ పెట్టుకున్న ఆ శాఖలోనే, ఫాంచన్ బ్లేక్ అనే సార్జెంటు 1948 నుంచీ పనిచేస్తూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేసిన మనిషి. సార్జెంటు మీద ఆడవాళ్ళకి మెట్టు లేదన్నారు. 1973లో ఆవిడ దావా వేసింది. తోటివాళ్ళు మాట్లాడటం మానేశారు. ఏడేళ్ళు నడిచింది. 1980లో నగరం రాజీకి వచ్చి, దళంలో నూటికి 20 మంది స్త్రీలయ్యేదాకా తీసుకుంటామని ఒప్పుకుంది. అప్పటికి బ్లేక్ ఉద్యోగంలో లేదు.

లోలా బాల్డ్విన్ పోర్ట్‌లండ్‌లో 1985లో పెనీ హారింగ్టన్ నగర పోలీసు అధిపతి అయింది. అమెరికాలో ఒక పెద్ద నగరం పోలీసులకి స్త్రీ అధిపతి కావడం అదే మొదటిసారి. పదిహేడు నెలలు చేసి రాజీనామా ఇచ్చింది. 2016 లెక్కల్లో ఆ దేశంలో ఊళ్ళ పోలీసుల్లో స్త్రీలు నూటికి 12 మంది.

ఇక సెలవు.