బాగ్దాదులో హకీముల పరీక్ష

జ్వరమొస్తే బస్తీలో ఉన్న డాక్టరు గారి దగ్గరికి పోతాము. గుమ్మం పైన బోర్డు ఉంటుంది, లోపల బెంచీల మీద జనం ఉంటారు, మన వంతు వచ్చేదాకా కూర్చుంటాము. ఆ బోర్డు మీద పేరు పక్కనున్న అక్షరాలు ఎవరిచ్చారు, ఆ సూది పట్టే హక్కు ఎవరు పరీక్షించి ఇచ్చారు అని మనలో అడిగేవారు తక్కువ. అడిగితే డాక్టరు గారు నొచ్చుకుంటారేమో అని మొహమాటం. కాని ఈ ప్రశ్న కొత్తది కాదు. వెయ్యేండ్లకు ముందే ఒక ఖలీఫా అడిగాడు.

హిజ్రీ 319, అనగా క్రీ.శ. 931. బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ పాలన. ఒక వైద్యుడి పొరపాటు వల్ల ఊళ్ళో ఒక సామాన్యుడు చనిపోయాడన్న కబురు ఖలీఫా చెవిన పడింది. ముహ్తసిబ్ గారికి, అంటే బజారులో తూనికలు, కొలతలు, కల్తీలు చూసే అధికారికి, హుకుం వెళ్ళింది. సినాన్ బిన్ సాబిత్ పరీక్షించి కాగితం రాసిస్తేనే ఎవరైనా వైద్యం చెయ్యాలి, లేకుంటే లేదు. సినాన్ ఆస్థాన వైద్యుడు. గణితంలో పేరుపొందిన సాబిత్ బిన్ ఖుర్రా కొడుకు. పరీక్షకు వచ్చినవారు 860 మందికి పైనే అని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశాడు. ఎవరికి ఎంత తెలుసో అంతవరకే అనుమతి. పేరుప్రతిష్ఠలున్నవారిని, దర్బారు కొలువులో ఉన్నవారిని మాత్రం వదిలేశారు. ఇక్కడ మాకు కొంచెం అభ్యంతరం ఉన్నది. పేరున్నవాడు పొరపాటు చెయ్యడా?

ఆ పరీక్షల్లో జరిగిన ఒక ముచ్చట మా పిల్లలకు క్లాసులో చెబితే పడీపడీ నవ్వుతారు. ఒకరోజు మంచి బట్టలు కట్టుకొని, హుందాగా ఉన్న ఒక పెద్దమనిషి వచ్చాడు. సినాన్ మర్యాదగా కూర్చోబెట్టాడు. అందరూ పోయాక, తమరి ఉస్తాద్ ఎవరు అని అడిగాడు. పెద్దమనిషి చొక్కా చేతిలోంచి దీనార్లు కట్టిన పొట్లం తీసి ముందు పెట్టాడు. నాకు చదువు రాదు, పెళ్ళాంపిల్లలు ఉన్నారు, నా కూడు చెడగొట్టకండి అన్నాడు. సినాన్ నవ్వి, తెలియని మందు ఇవ్వను, అవసరం లేనిదే రక్తం తీయను, విరేచనాలకు ఇవ్వను అని మాట ఇస్తే సరే అన్నాడు. అయ్యా, నేను ఎన్నడూ సికంజబీను, జులాబు దాటి పోలేదు అన్నాడు ముసలాయన. సికంజబీను అంటే సిర్కా, తేనె కలిపిన పానకం. జులాబు అంటే నేటి ఉర్దూలో విరేచనాల మందు గాని, ఆనాడు పన్నీటి షర్బతు! మర్నాడు ఒక కుర్రవాడు వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చావంటే, మా నాన్న దగ్గర, నిన్న మీ ముందు కూర్చున్నది ఆయనే అన్నాడు. మీ నాన్న దారి దాటకు సుమా అని పంపించాడు సినాన్.

నవ్వొచ్చే కథే. కాని చదువురానివాణ్ణి కూడా ఒక గీత లోపల నిలబెట్టాడు, ఆ సంగతి చిన్నది కాదు.

అంతకు ముందే, తొమ్మిదవ శతాబ్దంలో, ఇస్‌హాఖ్ బిన్ అలీ అర్రుహావీ వైద్యుల నడవడి మీద అదబుత్తబీబ్ అనే గ్రంథం రాశాడు. వైద్యుడు రోగిని చూసిన ప్రతిసారీ ఏం కనిపించింది, ఏం ఇచ్చాడు అన్నది రాయాలి. కేసు వికటిస్తే ఆ కాగితాలు తోటి వైద్యులు చూసి తీర్పు చెప్పాలి. పన్నెండవ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ, ముహ్తసిబ్‌ల కోసం రాసిన పుస్తకంలో ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. చీటీ నకలు రోగి ఇంటివారికి ఇవ్వాలి, రోగి చనిపోతే దాన్ని పెద్ద హకీముకు చూపాలి, తప్పు తేలితే వైద్యుడు దియత్ కట్టాలి. తెలియని వైద్యం చేసినవాడిదే జవాబుదారీ అని హదీసులో ఉన్న సంగతి మన పెద్దలకు తెలిసిందే.

ఈ చీటీ విలువ మాకు పుస్తకంలో కంటే ఇంట్లోనే ఎక్కువ తెలిసింది. మూడేండ్ల కింద మా తమ్ముడి కూతురికి జ్వరమొస్తే ఒక క్లినిక్కులో సూది వేసి, మూడు పొట్లాలు కట్టి ఇచ్చారు. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. రాత్రికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాచి మాట రావడం లేదు. పెద్ద దవాఖానాలో డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది, ఏం మందు ఇచ్చారని. మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. అల్లా దయవల్ల పిల్ల బతికింది. కాని ఏ మందు పడలేదో ఈ రోజుకూ తెలియదు, కాబట్టి ఏ డాక్టరు సూది తీసినా ఇంటిల్లిపాదికీ వణుకే.

2002లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్కులో కనబడాలి, చీటీ మీదా ఉండాలి. రోగి అడిగితే వైద్యం కాగితాలు 72 గంటల్లో ఇవ్వాలి. మా మరదలు ఈ నియమాలు చదవలేదు. అయినా ఇప్పుడు ఏ దవాఖానాకు పోయినా మందు పేరు రాసిన చీటీ చేతిలో పడేదాకా బెంచీ మీంచి లేవదు.