భూగర్భ జలాల లెక్క నేర్పే రాయ్‌పుర్ సంస్థ

జలాశయంలో నీటిమట్టం కంటికి కనిపిస్తుంది. భూగర్భ జలం కనిపించదు. కొలిచేవారు ఉంటేనే దాని లెక్క తేలుతుంది. అలాంటి వారిని తయారుచేసే జాతీయ సంస్థ ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్‌లో ఉంది. అదే రాజీవ్ గాంధీ జాతీయ భూగర్భ జల శిక్షణ, పరిశోధన సంస్థ. 1997లో ఏర్పాటైన ఈ సంస్థ, కేంద్ర జలశక్తి మంత్రిత్వ శాఖలోని కేంద్ర భూగర్భ జల మండలికి శిక్షణ విభాగం.

ఎందుకు అవసరం?

2023 అంచనా ప్రకారం దేశంలో ఏటా తోడుతున్న భూగర్భ జలం 241 బిలియన్ ఘనపు మీటర్లు, అంటే దాదాపు 8,500 టీఎంసీలు. ఇందులో సింహభాగం సేద్యానికే పోతోంది. తోడుకోదగిన నీటిలో ఇది సగటున 59 శాతం. అయితే ఈ సగటు అసలు సమస్యను కప్పేస్తుంది. వాడకం 70 శాతం లోపు ఉన్న ప్రాంతాన్ని సురక్షితంగా, 100 శాతం దాటితే మితిమీరి తోడినదిగా లెక్కిస్తారు. ఆ తేడా జిల్లాల మధ్యే కాదు, మండలాల మధ్యా కనిపిస్తుంది.

నేల తీరూ ఒక్కటి కాదు. రాయ్‌పుర్ మైదానం కింద సున్నపురాయి, షేల్ పొరలున్నాయి. సున్నపురాయి కరిగి ఏర్పడిన సందుల్లో నీరు నిలుస్తుంది. తెలంగాణలోని గ్రానైట్‌లో పగుళ్లే ఆధారం. అందుకే ఒక బోరులో నీళ్లు పడినా, పక్క బోరు ఎండిపోవచ్చు.

మూడు అంచెల శిక్షణ

సంస్థ మూడు స్థాయుల్లో శిక్షణ ఇస్తుంది. మొదటిది కేంద్ర, రాష్ట్ర శాఖల నిపుణులకు. రెండోది రాష్ట్ర స్థాయిలో. మూడోది బ్లాకు స్థాయిలో, రైతులు సహా క్షేత్రస్థాయి వారికి. 2012లో మొదలైన జాతీయ ఆక్విఫర్ల మ్యాపింగ్ కార్యక్రమం 2023 మార్చి నాటికి సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లలో పూర్తయింది. ఆ పటాలను చదవగలిగేవారు ఊళ్లలో లేకపోతే అవి కార్యాలయాలకే పరిమితమవుతాయి.

తెలుగు నేల అనుభవం

మూడో అంచె ఎంత కీలకమో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూపింది. 2003 తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ‘రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు’ పథకం అమలైంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీనికి తోడ్పడింది. రైతులే వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటలకు నీటి లెక్క వేసుకుంది. ఏ పంట వేయాలో ఎవరూ ఆదేశించలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

కొలిచే నైపుణ్యం నిపుణుల దగ్గరే ఆగిపోతే, అప్పు చేసి బోరు వేసే రైతుకు అది అక్కరకు రాదు. రాయ్‌పుర్‌లో నేర్పే పాఠం ఆ రైతు నిర్ణయం దాకా చేరినప్పుడే శిక్షణకు సార్థకత.