కులమడగని రూము

పరదేశానికి చదువుకోను పోయినోళ్ళ మొదటి రోజుల గురించి తెలుగులో చాలా రాతలే ఉన్నాయి. చలి, ఒంటరితనం, అమ్మ కట్టిచ్చిన ఊరగాయ, కారం లేని కూడు. ఇల్లు వదిలిన దిగులే వాటినిండా. ఆ దిగులు అబద్ధమని నేననను. కాకపోతే అది ఊరి నడుమ ఇల్లున్నోళ్ళ దిగులు. ఊరి బయట పుట్టినోడు పరదేశంలో మొదటి వారం ఎట్లా గడిపినాడనేది ఇంకో చరిత్ర. దాన్ని మన వైపునుంచి చదువుకోవాల్సిన పని మిగిలే ఉంది.

నేను జమ్మలమడుగు దగ్గర ఒక మాదిగపల్లెలో పుట్టినాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషిని నేనే. చదివింది ప్రొద్దుటూరులో. ఇప్పుడు పులివెందుల వైపు ఒక ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెప్తున్నాను. మా పల్లె నుంచి చూస్తే ప్రొద్దుటూరే మహానగరం. బట్టల అంగళ్ళు, బంగారు అంగళ్ళు చూసి జనం దాన్ని రెండో బొంబాయి అంటారు. ఇంటర్ అయినాక హాస్టల్ వదిలి, ఆ ఊర్లో అద్దెకు రూము కోసం మూడు దినాలు తిరిగినాను. ఏ గడప ముందర నిలబడినా మూడే ప్రశ్నలు. "ఏ ఊరు? ఎవురి పిల్లోడివి? మీరేమోళ్ళు?" మూడోదానికి జవాబు చెప్పినాక, "మా చుట్టాలొస్తాండారు, రూము లేదబ్బీ" అనేవాళ్ళు. బస్సెక్కి వచ్చినా నేనింకా ఊరు దాటలేదని అప్పుడర్థమైంది.

అందుకే బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్కులో దిగిన రోజుల్ని పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఓడ దగ్గర మొదలుపెట్టను. రూము దగ్గర మొదలుపెడతాను.

1913 ఫిబ్రవరి 2న ఆయన తండ్రి రామ్‌జీ సక్పాల్ చనిపోయినాడు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల లెక్కన మూడేండ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చినాడు. చదువయినాక పదేండ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని జూన్ 4న ఒప్పందం రాసిచ్చి బయల్దేరినాడు. జులైలో కొలంబియా యూనివర్సిటీ చేరేనాటికి ఆయనకు 22 ఏండ్లు. మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగినాడు. అక్కడి తిండి పడక వారానికే ఖాళీ చేసినాడు. తర్వాత 114వ వీధిలో కొందరు భారతీయ విద్యార్థులుండే కాస్మోపాలిటన్ క్లబ్‌కు మారినాడు. ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్లో నవల్ భతేనా అనే పార్సీ స్నేహితుడి తోడు దొరికింది.

మూడు చోట్లు మారినాడు. కులం పేరు చెప్పి ఒక్కచోట కూడా ఎవరూ బయటికి పంపలేదు. తిండి నచ్చక తనంతట తాను రూము ఖాళీ చెయ్యడం ఎంత పెద్ద సంగతో రూము దొరకనోడికి తెలుస్తుంది. సతారా బడిలో ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద విడిగా కూర్చున్న పిల్లోడాయన. బడి బంట్రోతు కొళాయి తిప్పితే తప్ప గొంతు తడవని పిల్లోడు. ఐరోపా, అమెరికాల్లో ఉండిన అయిదేండ్లు తాను అంటరానివాణ్ణనే ఎరుకనే మనసులోంచి తుడిచేసినాయని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

అట్లని అమెరికా స్వర్గమేమీ కాదు. అదే 1913లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ప్రభుత్వం తన ఆఫీసుల్లో నల్లవాళ్ళను తెల్లవాళ్ళనుంచి వేరుచేసింది. అక్కడి వెలి ఇంకొకరి నెత్తిన ఉంది. అంబేడ్కర్ దాన్ని చూడనోడు కాదు. 1946లో నల్లవాళ్ళ మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఆయన ఉత్తరం రాసినాడు.

మరి ఆ మూడేండ్లు ఏం చేసినాడు? అర్థశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం ఆబగా చదివినాడు. 1915లో ఎం.ఏ. అయింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పేపరు చదివినాడు. ఇక్కడ ఉన్నంతకాలం కులం ఆయన్ను అడిగింది. కులమడగని చోట కూర్చున్నాక ఆయన కులాన్ని అడిగినాడు. ఆ పేపరు పునాదిలో ఆ రూములు కూడా ఉన్నాయని నా నమ్మకం.

తిరిగొచ్చినాక ఏమైందో చూడండి. 1917లో బరోడాలో ఉద్యోగం ఉంది, ఉండను చోటు లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగినాడు. పదకొండో రోజు ఒక గుంపు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చెయ్యమనింది. కమాఠీ బాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని బొంబాయి రైలెక్కినాడు. న్యూయార్కులో తోడున్నదీ పార్సీనే, బరోడాలో కర్రలెత్తిందీ పార్సీలే. ఆ భతేనా ఇక్కడికొచ్చినాక కూడా మారలేదు. 1920లో అంబేడ్కర్ మళ్ళీ లండన్ పోయేటప్పుడు అప్పిచ్చి ఆదుకున్నాడు. కులం మనిషి రక్తంలో ఉండేదైతే భతేనా అట్లా ఉండేవాడు కాదు. అది ఊరి కట్టడిలో ఉంది.

ఇప్పుడు ఆ కట్టడే ఓడలు, విమానాలు ఎక్కింది. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైనాక మా పక్క పేద పిల్లోళ్ళకు ఒక దారి పడింది. నా దగ్గర చదివినోడొకడు ఆ దారిన లండన్ దాకా పోయి మాస్టర్స్‌లో చేరినాడు. మొదటి వారంలోనే ఫోన్ చేసినాడు. "సార్, చలి ఒక లెక్క కాదు. రూములో అందరూ మన తెలుగోళ్ళే. పులివెందుల అంటానే సంతోషపడినారు. ఆన్నించి ఇంటిపేరు అడిగినారు. మర్నాటికి నా గిన్నె వేరే పెట్టినారు సార్."

"ఆదివారం కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నెంబరు ఇంటికి పోయి రారా" అన్నాను. 1921-22లో బాబాసాహెబ్ ఉండిన ఇల్లది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొనింది. వాడు పోయొచ్చి, "గోడమీద ఆయన పేరుతో పలక ఉంది సార్" అన్నాడు. ఆ నెలలోనే రూము మారినాడు.

ఇది ఒక్కడి కత కాదు. 2023 ఫిబ్రవరి 21న అమెరికాలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. అవసరం లేకుండా ఎవరూ చట్టం చెయ్యరు. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఒప్పుకున్న ఇట్లాంటి బిల్లును గవర్నరు వీటో చేసినాడు. మన దేశంలో చూస్తే, దళిత విద్యార్థులకు కేంద్రమిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2022 నిబంధనల్లో భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు డబ్బులియ్యమని రాసినారు. ఆ నిబంధన కింద 1916 నాటి పేపరు రాసే పిల్లోడికి స్కాలర్‌షిప్ రాదు.

ఉద్యమంలో ఉన్నోళ్ళకు, చదువుకుంటున్నోళ్ళకు నాదొక మాట. స్కాలర్‌షిప్ ఇప్పించడంతోనే మన పని అయిపోదు. పోయినోడు మొదటి వారం ఎవరి రూములో తలదాచుకుంటాడో కూడా చూడాల. ముందు పోయినోళ్ళు వెనక వచ్చేవాళ్ళకు ఇంటిపేరు అడగని రూము ఒకటి చూసిపెట్టాల. పోయిన ప్రతివాడూ ఆ రోజుల్ని రాసిపెట్టాల. ఎవరు అడిగినారు, ఎవరు అడగలేదు, ఎవరు తన కంచం పక్కన మన కంచం పెట్టినారు. అంబేడ్కర్ తనకు జరిగింది రాసిపెట్టినాడు కాబట్టే ఈ పొద్దు నేను బడిలో చెప్పగలుగుతున్నాను. మనం రాయకపోతే మన పిల్లోళ్ళ కత కూడా ఊరగాయ కతల్లోనే కలిసిపోతుంది.