ఓడ మీది చదువు

పలమనేరు దగ్గరి గంగవరంలో నిలబడి చూచేవారికి సముద్రం అగుపడదు. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉన్న మెట్టసీమ అది. ఎటు చూచినా గుట్టలు, చెరువులు, మామిడితోటలు. అయినా ఆ చెరువులకు నీరిచ్చే దాతలలో సముద్రం ముఖ్యమైనది. ఆశ్వయుజ కార్తిక మాసాలలో పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలకు వానలు తెచ్చేవి చాలవరకు బంగాళాఖాతం మీద పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాలు. కనుక సముద్రశాస్త్రం కోస్తావారి సొంత వ్యవహారం కాదు. మెట్టరైతుకు కూడ అందులో వాటా ఉన్నది.

ఆ శాస్త్రానికి తొలినాటి బడి తెరచాప ఓడ. గాలి ఎటు వీస్తున్నది, నీరు ఎటు లాగుతున్నది, భారమితిలో పాదరసం ఎంత దిగినది అనే సంగతులను ఓడవారు పూటపూటకూ దినచర్య పుస్తకంలో వ్రాసుకొనేవారు. ఇంట కూర్చున్న పండితుడు ఊహించి ఊరుకోవచ్చును. గాలిని నమ్మి బయలుదేరిన నావికునికి కొలవక తప్పదు. ఆ కొలతలో పొరపాటు వస్తే చెల్లించవలసినది ప్రాణం.

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు అటువంటి ఓడల రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, పాతవాటిని బాగుచేసేవారు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి తుఫానుతో లేచిన ఉప్పెన ఆ రేవును ముంచివేసినది. అప్పుడు కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. పూర్వం ఓడ నడిపినవాడు. 1839 నాటి గాలివానకు చిక్కిన ఓడల దినచర్యలను ఆయన సేకరించినాడు. ఏ వేళకు ఏ ఓడ ఎక్కడ ఉన్నది, దానికి ఏ దిక్కునుండి గాలి తగిలినది అని సరిపోల్చి చూచినాడు. తుఫానుగాలి తిన్నగా వీచక సుడి తిరుగుతుందని అమెరికాలో రెడ్‌ఫీల్డు, బ్రిటిషు సైనికాధికారి రీడ్ అంతకుముందే చెప్పి ఉన్నారు. బంగాళాఖాతంలోనూ అదే ధర్మమని పిడింగ్టన్ నిరూపించినాడు. 1848లో నావికులకోసం వ్రాసిన పుస్తకంలో ఆ సుడికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టినాడు. పాముచుట్టను స్ఫురింపజేసే గ్రీకుమాట దానికి మూలం. ఈనాడు లోకమంతా పలికే ఆ పేరు వెనుక కోరంగివారి కన్నీరు కూడ ఉన్నది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టక మానదు. కోరంగి కళాసీలకు గాలిగుణం తెలియదా? తెలియకుండా ఓడ నడపడం ఎట్లా? అయితే అటువంటి తెలివి ఎక్కువగా తండ్రి నోట కొడుకు విని నేర్చుకొనేది. కాగితానికి ఎక్కేది తక్కువ. మనిషి ఉప్పెనపాలైతే ఆ తెలివీ అతనితోనే పోయేది. విద్య ఉండడం వేరు, అది నిలవడం వేరు. 1872లో ఇంగ్లండునుండి బయలుదేరిన ‘చాలెంజర్’ నౌక తెరచాపలతో, ఆవిరి యంత్రంతో మూడున్నర ఏండ్లు మహాసముద్రాలను కొలిచినది. దాని దారి బంగాళాఖాతంలోకి రాలేదు.

మన విద్యార్థులు ఆ చదువుకు ఓడ ఎక్కినది 1952 తరువాత. ఆ సంవత్సరం అమెరికా నౌకాదళ ప్రయోగశాలకు చెందిన యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యులుగా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినారు. అక్కడ భూగర్భశాస్త్రంలో సి. మహదేవన్, జంతుశాస్త్రంలో పి. ఎన్. గణపతి ఉండిరి. భారత నౌకాదళం ‘బెంగాల్’, ‘రోహిల్‌ఖండ్’ వంటి తన ఓడలను పరిశోధనకు ఇచ్చినది. అవి యుద్ధనౌకలు, తెరచాపలు లేవు. అయినా చదువు పాత పద్ధతిదే: తానే కొలవాలి, తానే వ్రాయాలి.

ఆ కొలత ఎట్టిదో వినండి. లోహపు సీసాలను పొడవైన తీగకు దూరదూరంగా కట్టి సముద్రంలోకి దించుతారు. తీగవెంట ఒక చిన్న బరువును జారవిడుస్తారు. అది తగలగానే సీసా తలక్రిందులై, ఆ లోతులోని నీటిని పట్టుకొని మూతపడుతుంది. దానికి అమర్చిన ఉష్ణమాపకం అక్కడి వేడిని చెదరనీయక పైకి తెస్తుంది. ఓడ ఊగుతున్నా, కడుపులో తిప్పుతున్నా విద్యార్థి డిగ్రీలో నూరవవంతు వరకు చదివి వ్రాయాలి.

ఆ శ్రమ వృథా కాలేదు. 1954లోను, 1958లోను విశ్వవిద్యాలయం సముద్రశాస్త్ర గ్రంథాలను ప్రకటించినది. వేసవికి ముందు నైరుతిగాలి తీరంవెంట వీచినపుడు, భూభ్రమణం వలన పైనీరు కుడివైపుకు, అనగా నడిసముద్రం వైపుకు తొలగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుండి చల్లని నీరు లేస్తుంది. దానితో చేపల మేతకు ఆధారమైన లవణాలూ పైకి వస్తవి. శరత్కాలంలో గాలి మారి, పైనీరు ఒడ్డుకు చేరి క్రిందికి దిగుతుంది. బెస్తవానికి అనుభవంలో ఉన్న సంగతికి లెక్క దొరికినది. తరువాత 1964లో లఫాండ్ మన తూర్పుతీరపు సముద్రగర్భంలోని లోయలను వర్ణిస్తూ ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లతో ప్రకటించినారు.

1966లో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ, 1999లో హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఏర్పడినవి. ఇప్పుడు మనిషి తోడు లేని తేలుడు యంత్రాలు సుమారు పదిరోజులకొకసారి రెండువేల మీటర్ల లోతునుండి పైకి వచ్చి, ఉపగ్రహం ద్వారా కబురు పంపుతున్నవి. కాని కొలత ఒక్కటే కాపాడదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. పిడింగ్టన్ పుస్తకానికి అప్పటికి నూటముప్పది ఏండ్లు కావస్తున్నవి. శాస్త్రం పుస్తకంలో ఉంటే చాలదు. తీరపు గుడిసెకు వేళకు చేరాలి, చేరినదాన్ని అక్కడివారు నమ్మాలి. సముద్రాన్ని చదివేవారు కోస్తానుండే రానక్కరలేదు. సముద్రం ఎన్నడూ చూడని మెట్టపల్లె పిల్లవాడు ఆ చదువుకు పూనుకొంటే, తన ఊరి చెరువుకు నీరు ఎక్కడినుండి వస్తున్నదో తెలుసుకొన్నవాడవుతాడు. ఒడ్డున ఉన్నవారి ప్రాణాలకూ కావలి కాస్తాడు.