నాగరత్నమ్మ ఇచ్చిందీ, అడిగిందీ

చందా రాసేటప్పుడు మనలో చాలామందికి లోపల ఒక పీకులాట ఉంటుంది. పేరు వేయించుకుంటే స్వార్థమా? ఏమీ ఆశించకుండా ఇస్తేనే దానమా? మన ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్న ఒక గాయని జీవితంలో దీనికి మంచి జవాబు ఉంది. ఆవిడ బెంగళూరు నాగరత్నమ్మ గారు.

1878లో నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. సంస్కృతం, తెలుగు చిన్నప్పుడే నేర్చారు. బెంగళూరులో మునిస్వామప్ప గారి దగ్గర సంగీతం చెప్పుకున్నారు. ఆయనది త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ పరంపర. అంటే త్యాగయ్య కృతులు ఆవిడకు మన ఊళ్లో దక్కిన ఆస్తి. తర్వాత మద్రాసు వెళ్లి కచేరీలతో పేరూ డబ్బూ సంపాదించారు. 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. నమ్మినదాని కోసం మాట పడటం ఆవిడకు అలవాటే.

తిరువయ్యూరులో కావేరి ఒడ్డున త్యాగయ్య సమాధి పాడుబడి ఉందని 1921లో గురువు బిడారం కృష్ణప్ప గారు ఉత్తరం రాశారు. నాగరత్నమ్మ గారు స్థలం సంపాదించి, సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టించారు. 1926లో ప్రతిష్ఠ జరిగింది. జీవితమంతా కూడబెట్టినది అటే వెళ్లింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. అప్పట్లో ఆరాధన జరిపే రెండు వర్గాలూ ఆడవాళ్లను పాడనివ్వలేదు. గుడి కట్టించిన మనిషికే ఆ గుడి ముందు పాట లేదు! ఇచ్చేశాం కదా, ఇక మనకెందుకని ఆవిడ ఊరుకోలేదు. 1927లో ఆడవాళ్లను కూడగట్టి, గుడి వెనకవైపు వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1941 నాటికి వర్గాలన్నీ ఒకటయ్యాయి. ఆడవాళ్లూ అందరితోపాటు పాడారు. తన ఆస్తిని ధర్మానికి రాసిన వీలునామాలో కూడా ఆరాధనలో స్త్రీలకు హక్కు ఉండాలన్నారు. 1952లో కన్నుమూశారు. ఆవిడ సమాధి కూడా అక్కడే, త్యాగయ్య సన్నిధికి దగ్గరలోనే ఉంది.

ఆవిడ అడిగినదాంట్లో స్వార్థం లేదా? ఉంది. తాను పాడాలి, అదే ఆవిడ కోరిక. కానీ తన కోసం తీయించిన తలుపు తన వెనక మూసుకోలేదు. ఆ తర్వాత ఎందరో ఆడవాళ్లు ఆ దారినే వెళ్లి పాడారు. ఏమీ అడగకుండా ఇచ్చి ఊరుకుని ఉంటే గుడి మిగిలేది, దారి మిగిలేది కాదు.

కాబట్టి మిత్రులారా, రసీదు మీద పేరు వేయించుకుందాం, అందులో తప్పేమీ లేదు. దాంతోపాటు ఇంకొకటి కూడా అడుగుదాం. ఉగాదికి మనం ఇచ్చిన డబ్బుతో వేసిన పందిట్లో కుర్చీలు మోసినవాళ్లకూ, వంట చేసినవాళ్లకూ మనతోపాటు కూర్చునే చోటు ఉందా? దానం చేసినవాళ్లు పట్టుబట్టి అడగాల్సింది అదే.