ముల్లును తీసే ముల్లు: నల్లమందు వైద్యం నడిచిన దారి

గసగసాల కాయకు గాటు పెడితే పాలు కారతాయి. అవి ఆరి నల్లబడితే మనవాళ్లు పెట్టిన పేరు నల్లమందు. పేరులోనే మందు ఉంది. విరేచనాలకు, దగ్గుకు, ఒళ్లునొప్పులకు, ఏడుపు మానని పసిబిడ్డకు నాకించడానికి ఒకప్పుడు అది ఇళ్లలోనే ఉండేది. అదే మాటకు 'భాయి' తోడైతే కూర్చున్నచోటే జోగే మనిషి అవుతాడు. మందుకూ, మందు మరిగిన మనిషికీ మధ్య ఎడం ఎంత తక్కువో ఈ ఒక్క మాట చెబుతుంది.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ నల్లమందు వాడకంపై దేశమంతా సాక్ష్యాలు సేకరించింది. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో వాడకం ఎక్కువగా ఉన్న చోట్లలో గోదావరి జిల్లా ఒకటి. మన్యం జ్వరాలకు అది అడ్డుకట్ట అని జనం నమ్మకం. వైద్య అవసరాలకు తప్ప నల్లమందును నిషేధించాల్సిన పని లేదని 1895లో కమిషన్ తేల్చింది. సర్కారు ఖజానాకు అది ఇష్టమైన మాటే. అమ్మాలా వద్దా అన్న వాదనలో ఒక ప్రశ్న మాత్రం వెనకబడింది. ఇప్పటికే మరిగినవాడికి వైద్యం ఏమిటి?

ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లుగా రెండు జవాబులు పోటీ పడుతున్నాయి. ఒకటి లాక్కోవడం. రెండోది కొలిచి ఇవ్వడం.

ఒళ్లు మరగడం

జర్మనీ మందుల దుకాణంలో పనిచేసే సెర్ట్యూర్నర్ 19వ శతాబ్దం మొదట్లో నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. 1853లో అలెగ్జాండర్ వుడ్ ఇంజెక్షన్ సూదిని వాడకంలోకి తెచ్చాడు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా మార్కెట్లో పెట్టింది. పదార్థం చిక్కబడింది, నెత్తురులోకి చేరే దారి దగ్గరైంది. నాలుక మీద నెమ్మదిగా మరిగే అలవాటు సూది మొనమీద వారాల్లోనే మరగసాగింది.

ఎందుకిలా జరుగుతుందో తెలియడానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మందులు అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1973లో తేలింది. నొప్పిని అణచే ఇలాంటి పదార్థాలను మన ఒళ్లే తయారుచేసుకుంటుందని ఆ వెంటనే బయటపడింది. బయటి సరుకు రోజూ వచ్చి పడుతుంటే ఒళ్లు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అది హఠాత్తుగా ఆగితే అణగి ఉన్నదంతా ఒక్కసారి పైకి లేస్తుంది.

హెరాయిన్ అయితే చివరి మోతాదు తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. ముందు ఆవులింతలు. తర్వాత కళ్లూ ముక్కూ కారడం, చెమటలు, ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకోవడం. ఎముకల్లో పోటు, కడుపులో మెలి, వాంతులు, విరేచనాలు, కాళ్లు ఆగకుండా కొట్టుకోవడం. రెండు మూడు రోజులకు ఉధృతమై, వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. పంజాబ్‌లో దీన్ని 'తోడ్' అంటారు, అంటే విరగడం. అనుభవించినవాళ్లు పెట్టిన పేరు అది.

తాళం వేసిన గది

1870ల్లో బెర్లిన్ పక్కన ఎడ్వర్డ్ లెవిన్‌స్టైన్ అనే వైద్యుడు మార్ఫిన్ మరిగినవాళ్లకు వైద్యం చేసేవాడు. ఆయన పద్ధతి సూటిగా ఉండేది. రోగిని గదిలో పెట్టి తాళం వేయడం, నర్సులను కాపలా పెట్టడం, మార్ఫిన్ ఒక్కసారిగా ఆపేయడం. ప్రాణం మీదికి వస్తే మాత్రం కొద్దిగా ఇచ్చేవాడు. 1877లో ఆయన అచ్చువేసిన పుస్తకం యూరప్ అంతటా చదివారు. బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ సూది పడతారని ఆయనే ఒప్పుకున్నాడు. గది దాటించగలిగాడు గానీ, గుమ్మం దాటాక ఏమిటన్నదానికి ఆయన దగ్గర జవాబు లేదు.

20వ శతాబ్దంలో ఆ తాళం చట్టం చేతికి వెళ్లింది. అమెరికా 1914లో హారిసన్ చట్టం తెచ్చింది. అలవాటును నిలబెట్టడానికి మార్ఫిన్ రాయడం వైద్యం కిందికి రాదని 1919లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే కొన్ని నగరాలు క్లినిక్కులు పెట్టి కొలిచిన మోతాదు ఇస్తున్నాయి. 1923కల్లా అవి దాదాపు అన్నీ మూతపడ్డాయి. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ క్లినిక్ చివరిదాకా నిలిచిన వాటిలో ఒకటి.

బ్రిటన్ మరో దారి పట్టింది. ఒకరికి మార్ఫిన్ పూర్తిగా మాన్పించడం సాధ్యం కాకపోయినా, కొద్ది మోతాదుతో ఆ మనిషి పని చేసుకుంటూ బతకగలిగితే, ఆ మోతాదు ఇవ్వడం వైద్యమేనని 1926లో రోల్‌స్టన్ కమిటీ చెప్పింది. అట్లాంటిక్‌కు ఒక ఒడ్డున నేరమైనది మరో ఒడ్డున చికిత్స అయింది.

అమెరికా 1935లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఒక కేంద్రం తెరిచింది. సగం జైలు, సగం ఆసుపత్రి, చుట్టూ పశువులూ పంటపొలాలూ. ఖైదీలూ వచ్చేవారు, తమంతట తాము చేరినవాళ్లూ వచ్చేవారు. శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ 1955లో అక్కడ చేరి నిజంగానే బయటపడ్డాడు. అలాంటివాళ్లు తక్కువ. అక్కడినుంచి న్యూయార్క్ తిరిగి వెళ్లినవాళ్లను వెంటబడి చూసిన ఒక అధ్యయనం 1962లో వచ్చింది. తొంభై శాతానికి పైగా మళ్లీ పాత దారే పట్టారు. ఇంత ఓపికగా చేసిన వైద్యం అంతగా విఫలమైతే తప్పు రోగి మనోబలానిదా, వైద్యానిదా?

టీవీ ముందు కూర్చున్న ఇద్దరు

ఆ ప్రశ్నను తలకెత్తుకున్నవాళ్లు న్యూయార్క్ రాక్‌ఫెలర్ సంస్థలోని విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్. 1964లో వారి వార్డులో మొదటి ఇద్దరు రోగులకు రోజుకు పలుమార్లు మార్ఫిన్ ఇచ్చి చూశారు. ఆ ఇద్దరూ టీవీ ముందు కూలబడి తర్వాతి ఇంజెక్షన్ కోసం గడియారం చూసేవారు. పరీక్ష ముగించే ఉద్దేశంతో మెథడోన్‌కు మార్చారు. అది నోటితో తీసుకునే మందు, ఒక్క మోతాదు రోజంతా పనిచేస్తుంది. కొద్ది వారాల్లో ఒకతను బొమ్మలు వేయడానికి రంగులు అడిగాడు. రెండో అతను ఆగిపోయిన చదువు పూర్తిచేస్తానన్నాడు. 22 మంది రోగుల అనుభవాన్ని 1965లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ప్రచురించారు.

ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాట ఇక్కడ అక్షరాలా పనిచేసింది. హెరాయిన్ ఒక్కసారి ఎగదోసి కొన్ని గంటల్లో కిందికి పడేస్తుంది. మెథడోన్ రోజంతా ఒకే మట్టంలో ఉంచుతుంది. మత్తు వెంట పరుగు ఆగితే మనిషికి తన ఇల్లు, తన పని గుర్తొస్తాయి. 'ఒక మత్తు మాన్పించి మరో మత్తు అంటగట్టడమే కదా' అన్న విమర్శ ఆనాడే వచ్చింది, ఇప్పటికీ ఉంది. చక్కెర జబ్బువాడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటే అలవాటు పడ్డాడని ఎవరూ అనరుగా అన్నది వైద్యుల జవాబు.

1960ల్లో బ్రిటన్‌లో రెకిట్ కంపెనీ శాస్త్రవేత్తలు బ్యుప్రినార్ఫిన్ తయారుచేశారు. నాలుక కింద పెట్టుకునే ఈ మాత్ర గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది గానీ సగం వరకే మేల్కొల్పుతుంది. అందుకే మోతాదు పెరిగినా ఊపిరి ఆగిపోయే ప్రమాదం తక్కువ. అయితే హెరాయిన్ ఒంట్లో ఉండగానే తొందరపడి ఇస్తే, దాన్ని తోసేసి 'తోడ్'ను ఒక్కసారి తెచ్చిపెడుతుంది. అందుకే డాక్టరు ముందు నాడి చూస్తాడు, కంటిపాపల సైజు, చెమట, వణుకు, ఆవులింతలు, రోమాలు లెక్కవేస్తాడు. పదకొండు అంశాల పట్టికలో అంకెలు వేసుకుని, లక్షణాలు కుదిరాకే మొదటి మాత్ర ఇస్తాడు.

ఫ్రాన్స్ 1990ల మధ్యలో మామూలు కుటుంబ వైద్యులకే ఈ మందు రాసే వీలిచ్చింది. 1995, 1999 మధ్య అక్కడ మోతాదు మించి చనిపోయేవారి సంఖ్య 79 శాతం తగ్గింది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్, బ్యుప్రినార్ఫిన్ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అమెరికాలో బ్యుప్రినార్ఫిన్ రాయడానికి వైద్యులు తీసుకోవాల్సిన ప్రత్యేక అనుమతి 2022 చివర్లో గానీ రద్దు కాలేదు.

మన దేశంలో

స్వాతంత్ర్యం వచ్చాక మన సర్కారు నల్లమందుకు గడువు పెట్టింది. 1949లో జరిగిన సమావేశంలో పదేళ్లలో ఆపేయాలని నిర్ణయించి, సరఫరా ఏటా తగ్గిస్తూ వచ్చింది. తప్పనివాళ్లను రిజిస్టర్‌లో రాసి కొలిచి ఇవ్వడం కొన్నాళ్లు సాగింది. కొలిచి ఇవ్వడం మనకూ తెలియని పనేమీ కాదు.

1985లో వచ్చిన మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం ఆ సంగతిని జైలు నీడలోకి నెట్టింది. 1989లో చేసిన సవరణ ఒక కిటికీ తెరిచింది. అలవాటుపడిన వ్యక్తి స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే, వాడకానికీ తక్కువ పరిమాణానికీ సంబంధించిన కేసుల నుంచి 64ఏ సెక్షన్ కింద రక్షణ పొందవచ్చు. ఈ సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ.

అసలు మేల్కొలుపు ఈశాన్యం నుంచి వచ్చింది. మణిపూర్‌లో సూదులు పంచుకునేవాళ్ల మధ్య 1989లో హెచ్‌ఐవీ కనిపించింది. ఏడాది తిరక్కముందే ఇంఫాల్‌లో పరీక్షించినవాళ్లలో సగం మందికి అది సోకింది. మాన్పించేదాకా ఆగితే మనిషే మిగలడని అక్కడివాళ్లకు అర్థమైంది. 1990ల్లో స్వచ్ఛంద సంస్థలు చిన్న ఎత్తున నాలుక కింద మాత్ర ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతి దశకంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) దాన్ని జాతీయ కార్యక్రమంగా తీసుకుంది. ఢిల్లీ ఎయిమ్స్‌కు అనుబంధంగా గాజియాబాద్‌లో ఉన్న జాతీయ కేంద్రం దేశంలోని వైద్యులకు ఈ పని నేర్పుతోంది.

పంజాబ్ 2017 అక్టోబరులో బయటి రోగులకే బ్యుప్రినార్ఫిన్ ఇచ్చే క్లినిక్కులు ప్రారంభించింది. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2019లో బయటికొచ్చింది. దాని ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది నల్లమందు కోవకు చెందిన పదార్థాలు, అంటే ఓపియాయిడ్లు, వాడుతున్నారు. వారిలో దాదాపు 77 లక్షల మందికి ఆ వాడకం హానికరమో, మానలేని స్థితో అయింది.

తెలుగు నేల మీద ఈ పాఠం మరో రూపంలో ఎదురైంది. 2015లో తెలంగాణ సర్కారు కల్తీ కల్లుపై గట్టిగా పడింది. అందులో కలిపేది ఓపియాయిడ్ కాదు, అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమందులు. కల్తీ ఆగగానే నిజామాబాద్ సహా కొన్ని జిల్లాల్లో ఆసుపత్రులు ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో వచ్చినవాళ్లతో నిండాయి. పదార్థం వేరైనా సత్యం ఒకటే: సరుకు ఆపేముందు, మరిగినవాళ్లకు మంచం సిద్ధం చేయాలి.

నిలబెట్టే రోజులు

హెరాయిన్ ఆపితే వచ్చే బాధ ప్రాణం తీయడం అరుదు. ప్రాణం తీసేది ఆ తర్వాతి రోజులు. వారం రెండు వారాలు 'శుద్ధి' అయిన ఒళ్లు పాత మోతాదుకు తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. ఇంటికి వచ్చినవాడు పాత లెక్కన ఒక్కసారి తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. వైద్యం మధ్యలో ఆపినవాళ్లలో మరణాలు మొదటి నాలుగు వారాల్లోనే ఎక్కువని 2017లో పలు దేశాల లెక్కలు కలిపి చూసిన పరిశీలన తేల్చింది. మెథడోన్ మీద ఉన్నప్పటికంటే మానేశాక మరణాలు మూడింతలు. గదిలో కట్టేసి, కొట్టి మాన్పించే కేంద్రాలు మన దేశంలో ఇంకా ఉన్నాయి. అవి లెవిన్‌స్టైన్ తాళాన్ని నిలబెట్టుకుని, ఆయన నర్సును వదిలేశాయి.

ఓపియాయిడ్ చికిత్సా కేంద్రంలో రోజూ జరిగే పని చూడటానికి చాలా చిన్నది. వరుసలో వచ్చిన మనిషి కిటికీ దగ్గర పేరు చెబుతాడు. నర్సు మాత్రలు పొడిచేసి అతని నాలుక కింద వేస్తుంది. కొన్ని నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. తర్వాత నోరు తెరిపించి కరిగిందో లేదో చూస్తుంది. రిజిస్టర్‌లో సంతకం, అంతే. అతను పనికి వెళ్తాడు. ఇంట్లో ఎవరైనా ఈ పట్టులో ఉంటే 14446కు ఫోన్ చేసి దగ్గరలోని కేంద్రం అడగవచ్చు. మందు ఎన్నాళ్లు వాడాలో డాక్టరు, రోగి కలిసి తేల్చుకుంటారు. రేపటి వరుసలో అతను మళ్లీ కనిపిస్తే వైద్యం పనిచేస్తున్నట్టే.